కొస్సో చెట్టును కాపాడాలంటే మోడు దగ్గర మొదలుపెట్టండి

"పశ్చిమ ఆఫ్రికాలో అంతరించిపోతున్న అడవి చెట్లను పెద్ద ఎత్తున మొక్కలు నాటి కాపాడలేమా?" అని అడిగారు. కొస్సో విషయంలో మాత్రం లేం. దాని గురించే చెబుతాను, ఎందుకంటే అది మన ఎర్రచందనం, వేగిసల కుటుంబమే, టెరోకార్పస్ ప్రజాతి. సెనెగల్ నుంచి నైజీరియా దాటి, అడవి పలచబడి గడ్డి మొదలయ్యే మెట్టనేలల్లో పెరుగుతుంది. మాలిలో బాలాఫోన్ (పుల్లలతో కొట్టి వాయించే చెక్క పలకల వాద్యం) పలకలు ఈ చెక్కతో చేస్తారు. ఆకు పశువులకు మంచి మేత.

దీని కొంప ముంచింది ఊరివాళ్ల వంటచెరకు కాదు. చైనాలో హాంగ్‌ము, అంటే ఖరీదైన ఎర్రచెక్క ఫర్నిచర్‌కు పనికొచ్చే కలప జాతుల జాబితాలో ఎర్రచందనం ఉంది, కొస్సో కూడా ఉంది. ఎర్రచందనం ధర కొండెక్కాక ఆ బేరం చవకైన కొస్సో మీద పడింది.

నరకగానే మోడు నుంచి ఎర్రటి జిగురు కారుతుంది. కొనేవాడికి చేవే, అంటే లోపలి గట్టి చెక్కే కావాలి, కాబట్టి దుంగను అక్కడే నాలుగు పక్కలా చెక్కి తెల్లచెక్కను అడవిలో వదిలేస్తారు. పెద్ద చెట్లు అయిపోయాక సన్నవాటి మీద పడతారు. సన్న చెట్టులో చేవ తక్కువ, అంటే అదే కంటెయినర్ నింపడానికి ఇంకా ఎక్కువ చెట్లు కూలాలి. గాంబియాలో కొస్సో దాదాపు కనుమరుగైనా అక్కడి నుంచి ఎగుమతి ఆగలేదు. సరిహద్దు అవతల సెనెగల్‌లోని కాసమాన్స్ అడవుల దుంగలు బంజుల్ రేవుకు చేరేవి. 2018 జనవరిలో కాసమాన్స్‌లోని జిగించోర్ పట్నం దగ్గరి బాయోట్ అడవిలో కలప కోసం వెళ్లిన పదిమందికి పైగా మనుషులను చంపేశారు. ఈ కలప వెనుక అంత డబ్బుంది.

2016లో సెనెగల్ కొస్సోను సైటీస్ (అంతరించే జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) మూడో అనుబంధంలో చేర్పించింది. ఆ అనుబంధం కింద పొరుగుదేశం "ఇది మా దగ్గర పుట్టిందే" అని కాగితమిస్తే సరిపోతుంది. 2017 జనవరి 2 నుంచి రెండో అనుబంధంలోకి మారింది. ఇక అడవికి నష్టం లేదని ఎగుమతి చేసే దేశమే తేల్చి చెప్పాలి. చివరికి 2022 జూన్‌లో, కొస్సో పెరిగే దేశాలన్నిటి నుంచీ వ్యాపారం ఆపమని సైటీస్ చెప్పాల్సి వచ్చింది. ఘనా అయితే 2019లో నిషేధం పెట్టింది, అంతకు ముందూ పెట్టింది. ఈ నిషేధాల్లో అసలు కన్నం "ముందే నరికి పడి ఉన్న దుంగలు" అనే మినహాయింపు. అది ఉన్నన్నాళ్లూ నిన్న నరికిన దుంగ కూడా పాతదే అవుతుంది. ఆ మినహాయింపు ఎవరికీ ఇవ్వకూడదు.

నాటడం సంగతికి వస్తే, ఘనాలో "అడవి పెంచాం" అని చూపించే తోటల్లో ఎక్కువ భాగం టేకు. మన దగ్గర గుమ్మాలకు, తలుపులకు అమ్మే "ఘనా టేకు" ఆ తోటలదే. ఆసియా చెట్టును వరసలుగా నాటి ఆఫ్రికా అడవి బాగుపడిందనడం నాకు ఒళ్లు మండే విషయం.

కొస్సో మొక్కే కావాలంటే పండి ఎండిన కాయలు ఏరాలి, పచ్చివి కోయకూడదు. కాయ నడుమ ముళ్లుంటాయి, రెక్క కత్తిరించి గింజ తీయాలి. రాత్రంతా మామూలు నీళ్లలో నానబెట్టి సెంటీమీటరు లోతున విత్తితే తాజా గింజ బాగానే మొలుస్తుంది. తల్లివేరు నేరుగా కిందికి దిగుతుంది కాబట్టి 25-30 సెంటీమీటర్ల లోతు సంచులు వాడాలి. తొలి వానలకు నాటాలి. ఇంతా చేస్తే ఎండాకాలం గడ్డిమంటకు లేతమొక్క పైభాగం మాడిపోతుంది. వేరు బతికితే మళ్లీ చిగురిస్తుంది, మళ్లీ మాడుతుంది. ఏళ్ల తరబడి ఎదగదు.

అందుకే మోడు నయం. దాని వేరు ఎప్పుడో లోతుకు పోయి ఉంటుంది, పిలకలు బలంగా వస్తాయి. బలమైనవి ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. వానలు తగ్గగానే, నిప్పుల కాలం రాకముందే, చుట్టూ రెండు మూడు మీటర్లు గడ్డి చెక్కేయాలి. మేత కోసం కొమ్మలు కొట్టేవాళ్లతో కూడా ముందే మాట్లాడుకోవాలి. ఆకు రాలి పసుపు పూలు వచ్చేది డిసెంబరు-ఫిబ్రవరి మధ్య, కొమ్మలు ఎక్కువగా కొట్టేదీ ఎండాకాలంలోనే. తల మొత్తం నరికిన చెట్టు కాయదు. ఊరి చుట్టూ మంచి విత్తన చెట్లు కొన్ని ఎంచుకుని, సున్నం గుర్తు వేసి, వాటి జోలికి ఎవరూ వెళ్లకుండా ఊరిపెద్దలూ పశువుల కాపరులూ కలిసి ఒప్పందం చేసుకోవాలి.