మా వీధిని రెండు వార్డుల మధ్య చీల్చారు, ఈసారి కలిపించుకోవచ్చా?

ప్రశ్న: లాయరు గారూ, నమస్కారం. మాది విశాఖపట్నంలో కంచరపాలెం వైపు, కొండవాలున ఉన్న కాలనీ. మావారు పోర్టులో కళాసీగా చేసి రిటైరయ్యారు. 22 ఏళ్లుగా ఇక్కడే అద్దెకుంటున్నాం. మా వీధిలో కుడి పక్క ఇళ్లు ఒక వార్డులో, ఎడమ పక్క ఇళ్లు ఇంకో వార్డులో ఉన్నాయి. వీధి చివర గెడ్డలో (కొండ మీది వాననీళ్లు పారే కాలువలో) పూడిక తీయించండి అని అడిగితే ఈ కార్పొరేటరు ఆయన్ని అడగమంటారు, ఆయన ఈయన్ని అడగమంటారు. వానొస్తే నీళ్లు మాత్రం రెండు పక్కల ఇళ్లలోకీ వస్తాయి. వార్డులు మళ్లీ విభజిస్తారని అంటున్నారు. ఈసారైనా వీధంతా ఒకే వార్డులోకి వచ్చేలా చేసుకోవచ్చా? ఎవర్ని అడగాలి? మా దగ్గర ఓటర్లు బాగా పెరిగారు, ఆ లెక్క చూపిస్తే సరిపోతుందా? వినకపోతే కోర్టులో ఎన్నికలు ఆపించవచ్చా? పోయినసారి మాకు మహిళా రిజర్వేషన్ వచ్చింది, విభజన జరిగితే అది పోతుందా? చివరగా, మాది సొంతిల్లు కాదు కదా, మా అర్జీ చెల్లుతుందా?

జవాబు: అమ్మా, కలిపించుకునే అవకాశం ఉంది. కానీ అది చాలా కొద్ది రోజులే తెరిచి ఉండే తలుపు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది కోర్టు మాట. చాలామంది అలాగే అనుకుంటారు, ముందు విభజన కానివ్వండి, నచ్చకపోతే కోర్టుకు వెళ్దాం అని. వార్డుల విషయంలో ఆ లెక్క తిరగబడుతుంది. అసలు పోరాటమంతా ముసాయిదా, అంటే కొత్త హద్దుల తొలి ప్రతిపాదన, వచ్చిన ఆ కొద్ది రోజుల్లోనే చేయాలి.

ముందు ఎవరు గీస్తారో చూద్దాం. ఎమ్మెల్యే, ఎంపీ నియోజకవర్గాల హద్దులకూ మీ వార్డుకూ సంబంధం లేదు. వాటిని పార్లమెంటు చట్టంతో ఏర్పడే డీలిమిటేషన్ కమిషన్ తేలుస్తుంది. కార్పొరేషన్ వార్డులు రాష్ట్ర చట్టం కిందికి వస్తాయి. 1979లో విశాఖ కార్పొరేషన్ అయినప్పుడు 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ చట్టాన్నే మనకూ వర్తింపజేశారు. ఎన్ని వార్డులు ఉండాలో ప్రభుత్వం చెబుతుంది. ఆ సంఖ్యకు తగ్గట్టు కార్పొరేషన్ కమిషనర్ హద్దులతో ముసాయిదా తయారు చేసి ప్రకటిస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, వాటిని పరిశీలించి ప్రభుత్వానికి పంపుతారు. ప్రభుత్వం ఆమోదించాక తుది నోటిఫికేషన్ గెజిట్‌లో, అంటే ప్రభుత్వ రాజపత్రంలో, వస్తుంది. రాష్ట్ర ఎన్నికల సంఘం పని ఆ తర్వాత మొదలవుతుంది. అంటే ముసాయిదా మీద మీ అర్జీ కమిషనర్‌కు వెళ్లాలి, ఎన్నికల సంఘానికి కాదు.

ఇంకో గందరగోళం కూడా తీర్చేస్తాను. మీ వీధి చివర ఉన్న వార్డు సచివాలయం పరిధి వేరు, కార్పొరేటరును ఎన్నుకునే వార్డు వేరు. ఒక ఎన్నికల వార్డులో నాలుగైదు సచివాలయాలు ఉండొచ్చు. సచివాలయంలో అడిగి తెలుసుకున్న హద్దును అర్జీలో రాస్తే మొదటి వాక్యంలోనే పొరపాటు దొర్లుతుంది.

ఇప్పుడు ఓటర్ల లెక్క. ఇది మీకు నచ్చదు గానీ చెప్పక తప్పదు. వార్డుల విభజనకు కొలమానం ఓటర్లు కాదు, జనాభా. పసిపిల్లలు కూడా లెక్కలోకి వస్తారు. ఆ జనాభా కూడా ఇవాళ్టిది కాదు. రాజ్యాంగం 243పి అధికరణం ప్రకారం జనాభా అంటే అంకెలు ప్రచురితమైన చివరి జనగణనలోది. మనకు ఇప్పటికీ అది 2011 లెక్కే. అప్పటి విశాఖ నగర జనాభా 17,28,128. ఆ తర్వాత మధురవాడ, కొమ్మాది, పీఎం పాలెం వైపు ఎన్ని అపార్ట్‌మెంట్లు లేచాయో మనందరికీ తెలుసు. కానీ ఆ పెరుగుదల కాగితం మీదికి ఎక్కలేదు. దీనివల్ల కొన్ని వార్డులకు అన్యాయం జరుగుతోందని నేనూ నమ్ముతాను. అయినా మీ అర్జీ దాని మీద నిలబడదు. మా దగ్గర ఇప్పుడు ఇన్ని వేల ఓట్లు ఉన్నాయి అని మొదలుపెట్టిన అభ్యంతరాన్ని అధికారి చట్టబద్ధంగానే పక్కన పెట్టగలరు.

మరి దేని మీద నిలబడుతుంది? విభజన నియమాల్లో రెండు రకాల మాటలున్నాయి. మొదటిది అంకె: వార్డుల జనాభా వీలైనంత సమానంగా ఉండాలి, సగటుకు పది శాతం అటూ ఇటూ మించకూడదు. రెండోది నేల: వార్డు ఒకే ముద్దగా, కలిసికట్టుగా ఉండాలి, కొండలు, గెడ్డలు, రైలు పట్టాలు, పెద్ద రోడ్లు వంటి సహజమైన ఎల్లలు చూడాలి, రాకపోకల సౌకర్యం, ప్రజల వీలు చూడాలి. మీ బలం ఈ రెండోదానిలో ఉంది. ఒకే గెడ్డ నీరు, ఒకే మెట్ల దారి, ఒకే కుళాయి లైను ఉన్న వీధిని మధ్యకు చీల్చడం ప్రజల వీలుకు విరుద్ధమని చెప్పగలరు. అయితే మొదటిది దెబ్బతినకుండా చెప్పాలి. చాలా అర్జీలు పోయేది ఇక్కడే.

ఉదాహరణకు, కేవలం అర్థమవడానికి, సగటు వార్డు జనాభా 20,000 అనుకుందాం. అప్పుడు 18,000 నుంచి 22,000 దాకా ఉండొచ్చు. మీ కుడి పక్క వార్డులో 21,600, ఎడమ పక్క వార్డులో 18,900 ఉన్నారనుకోండి. వీధిలో ఒక్కో వైపు 450 మంది. మమ్మల్నందరినీ కుడి పక్క వార్డులో కలపండి అంటే అక్కడ 22,050 అవుతుంది, హద్దు దాటింది, అర్జీ తిరస్కరిస్తారు. మమ్మల్నందరినీ ఎడమ పక్క వార్డులో కలపండి అంటే 21,150, 19,350 అవుతాయి. రెండూ సగటుకు ఇంకా దగ్గరవుతాయి. అడిగింది ఒకటే, వీధి కలపమని. ఎటు కలపమన్నారన్న దాన్ని బట్టి ఫలితం మారిపోయింది. కాబట్టి ఏ కార్పొరేటరు మనవాడు అన్న ఆలోచన పక్కన పెట్టి, అంకె ఎటు ఒప్పుకుంటే అటే అడగండి.

ఆ అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే, జనగణనప్పుడు నగరాన్ని చిన్న చిన్న గణన బ్లాకులుగా విడదీశారు. ఒక్కో బ్లాకులో సుమారు ఆరేడు వందల మంది ఉంటారు. మీ వీధి ఏ బ్లాకుల్లో ఉందో, ఆ బ్లాకుల జనాభా ఎంతో కార్పొరేషన్ టౌన్‌ప్లానింగ్ విభాగంలో ఇప్పుడే అడగండి. ఇవ్వకపోతే 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దానికి జవాబు రావడానికి 30 రోజులు గడువు ఉంటుంది. ముసాయిదా మీద అభ్యంతరాలకు ఇచ్చే సమయం మాత్రం తరచుగా వారం రోజులే. ముసాయిదా వచ్చాక సమాచార హక్కు దరఖాస్తు పెడితే జవాబు చేతికొచ్చేసరికి గడువు ముగిసిపోతుంది. అందుకే ఇప్పుడే అంటున్నాను.

అర్జీ ఎలా రాయాలో కూడా చెబుతాను. పెద్దగా అక్కర్లేదు, రెండు పేజీలు చాలు. స్థలం దస్తావేజులో చెక్కుబందీ రాసినట్టు మీ వీధికి నాలుగు వైపులా ఏముందో రాయండి: తూర్పున ఏ రోడ్డు, పడమర ఏ కొండ, ఉత్తరాన ఏ గుడి, దక్షిణాన ఏ గెడ్డ. ముసాయిదాలో గీత ఎక్కడ పడిందో, దాన్ని ఎక్కడికి జరపాలో ఒకే వాక్యంలో స్పష్టంగా ఉండాలి. ఆ మార్పుతో రెండు వార్డుల జనాభా ఎంతెంత అవుతుందో పైన చెప్పినట్టు లెక్క వేయండి. చేత్తో గీసిన పటమైనా సరే జతచేయండి. గెడ్డ నీళ్లు రెండు పక్కల ఇళ్లలోకీ వచ్చిన ఫోటోలుంటే తేదీలతో పెట్టండి. రాజకీయ ఆరోపణ ఒక్కటి కూడా రాయొద్దు. ఫలానా వారిని గెలిపించడానికే ఇలా గీశారని రాస్తే, రుజువు చేయాల్సిన భారం మీ మీద పడుతుంది, అసలు విషయం మరుగున పడుతుంది.

దాన్ని కమిషనర్ కార్యాలయంలో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద తేదీతో ఇన్‌వార్డ్ ముద్ర (అర్జీ అందిందన్న ముద్ర) వేయించుకోండి. అదే రోజు స్పీడ్ పోస్టులో కూడా ఒకటి పంపండి. నాయకుడి చేతికిచ్చాం, వాట్సాప్‌లో పెట్టాం, మీటింగులో మైకు పట్టుకుని చెప్పాం అని నా దగ్గరికి వచ్చేవారు చాలామంది ఉన్నారు. వారి బాధ నిజమే. కానీ ముద్ర ఉన్న కాగితం లేకుండా నేను వారికి చేయగలిగింది చాలా తక్కువ.

ఎందుకో చెప్పడానికి కోర్టుల విషయానికి రావాలి. రాజ్యాంగం 243జెడ్‌జీ అధికరణం, మున్సిపల్ వార్డుల విభజనకు సంబంధించిన చట్టం చెల్లుబాటును ఏ కోర్టులోనూ ప్రశ్నించరాదని అంటుంది. గెజిట్‌లో వెలువడిన విభజన ఉత్తర్వుకు చట్టంతో సమానమైన బలం ఉంటుందని, నియోజకవర్గాల విషయంలో 1966లోనే మేఘరాజ్ కొఠారీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తలుపు పూర్తిగా మూసెయ్యలేదు. 1995లో ఉత్తరప్రదేశ్ పంచాయతీల కేసులో, అభ్యంతరాలు పిలవకుండా, వినకుండా విభజన చేస్తే ఆ ఒక్క కారణంతో ప్రశ్నించవచ్చని అదే కోర్టు అంది. 2024 జులైలో కిషోర్‌చంద్ర రాథోడ్ కేసులో ఇంకో అడుగు ముందుకేసి, విభజన ఉత్తర్వు పూర్తిగా ఏకపక్షంగా, రాజ్యాంగ విలువలతో పొసగనిదిగా ఉంటే రాజ్యాంగ న్యాయస్థానాలు, అంటే హైకోర్టులు, సుప్రీంకోర్టు, పరిశీలించవచ్చని చెప్పింది. అది శాసనసభ నియోజకవర్గం కేసే అయినా మనకూ పనికొచ్చే మాట.

ఇప్పుడు మీ ముద్ర ఉన్న కాగితం విలువ చూడండి. గీత మాకు నచ్చలేదు అంటే హైకోర్టు వినదు. ఫలానా తేదీన అభ్యంతరం ఇచ్చాం, దాన్ని పరిశీలించనే లేదు, లేదా కారణం చెప్పకుండా తోసిపుచ్చారు అంటే వింటుంది. హైకోర్టులో వేసే ఆ అర్జీ (రిట్ పిటిషన్) కూడా ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే పడాలి. వచ్చాక ఎన్నికల ప్రక్రియలో కోర్టులు వేలు పెట్టవు. ఆ తర్వాత మిగిలేది గెలిచినవారి ఎన్నికను సవాలు చేసే ఎన్నికల పిటిషన్ ఒక్కటే, దానితో వీధి కలవదు.

ఎన్నికలు ఆపించవచ్చా అన్నారు. దయచేసి ఎన్నికలు ఆపమని కోర్టును కోరుతూ పిటిషన్ వేయమని ఏ లాయరునూ అడగకండి. నేనైతే వేయను. 2007లో ఎన్నికైన మన కార్పొరేషన్ కౌన్సిల్ (కార్పొరేటర్ల సభ) గడువు 2012లో ముగిసింది. మళ్లీ ఓటు వేసింది 2021 మార్చి 10న. మధ్యలో తొమ్మిదేళ్లు ఇంత పెద్ద నగరానికి ఎన్నికైన కార్పొరేటరు ఒక్కరూ లేరు. గెడ్డ పూడిక గురించి ఇద్దరిలో ఒకరిని అడిగే వీలైనా ఇప్పుడుంది, అప్పుడు అదీ లేదు. ఐదేళ్ల గడువు ముగిసేలోపు ఎన్నికలు పూర్తికావాలని 243యు అధికరణం చెబుతోంది. విభజన పని మిగిలిపోయిందన్నది వాయిదాకు సాకు కాదని 2006లో కిషన్‌సింగ్ తోమర్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పాత హద్దులతోనైనా ఓటు పడటమే మేలని నా గట్టి అభిప్రాయం.

రిజర్వేషన్ సంగతి. అది విభజన పూర్తయ్యాక వేరే ప్రక్రియలో తేలుతుంది. మన రాష్ట్రంలో సగం స్థానాలు మహిళలకు వస్తాయి. ఏ వార్డుకు అన్నది ఎన్నికకూ ఎన్నికకూ మారుతుంది. కాబట్టి విభజన జరిగినా జరగకపోయినా మీ వార్డు మహిళకే ఉంటుందన్న భరోసా లేదు. మా వార్డు మహిళకే ఉంచండి అన్నది విభజన మీద అభ్యంతరంగా చెల్లదు. మహిళా రిజర్వేషన్ పోయినంత మాత్రాన మహిళ పోటీ చేయకూడదనీ లేదు, జనరల్ స్థానంలో ఎవరైనా నిలబడవచ్చు. కానీ ఒక విషయం మీ చుట్టుపక్కల వారికి చెప్పండి. ఎస్సీ, ఎస్టీ స్థానాలు వారి జనాభా వాటాను బట్టి వస్తాయి. ఒకేచోట ఉన్న ఎస్సీ కాలనీని మూడు వార్డులకు పంచేస్తే మూడింట్లోనూ వారి శాతం పడిపోతుంది, ఎక్కడా స్థానం దక్కకపోవచ్చు. అలాంటి చీలిక కనబడితే, నిజమైన అంకెలతో, తప్పకుండా అభ్యంతరం పెట్టాలి.

విభజన అయిపోయాక ఓటర్ల జాబితా చూసుకోవడం మరిచిపోకండి. అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడదీస్తారు. ఆ విడదీతలో గీతకు ఆనుకుని ఉన్న ఇళ్లే ఎక్కువగా తప్పిపోతాయి. గీత మీ వీధికి జరిగిందంటే అప్పటిదాకా వేరే వార్డులో ఓటేసిన వారి పేర్లన్నీ కొత్త జాబితాలోకి వచ్చాయో లేదో ఇంటి నంబరు పట్టుకుని సరిచూడండి. ఆధార్, రేషన్ కార్డు మార్చుకోవాలేమో అని టెన్షన్ అక్కర్లేదు, మీ చిరునామా మారదు.

మీ చివరి ప్రశ్న. చెల్లుతుందమ్మా, నూటికి నూరు పాళ్లూ చెల్లుతుంది. అభ్యంతరం చెప్పే హక్కు ఇంటి పట్టాకు కాదు, ఆ వార్డులో ఉంటున్న మనిషికి. జనగణనలో అద్దెకున్నవారిని తక్కువగా లెక్కపెట్టలేదు, ఓటర్ల జాబితాలోనూ మీ పేరు మీ ఇంటి యజమాని పేరుకు కింద లేదు. సంతకం చేసేటప్పుడు ఓటరు కార్డు నంబరు పక్కన రాయండి. వీధిలో అటు పక్కవారు, ఇటు పక్కవారు ఒకే కాగితం మీద కలిసి సంతకాలు పెడితే ఇంకా మంచిది. ఆ కాగితం చూసిన అధికారికి అది రెండు వార్డుల తగాదా కాదు, ఒకే వీధి మాట అని తెలుస్తుంది. మొదటి సంతకం మీరే పెట్టండి.