తుక్కు యార్డులో విడిభాగాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా కారు పాతది. కుడివైపు ముందు తలుపు, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటరు మార్చాలని మెకానిక్ చెప్పారు. కొత్తవి కొనే స్తోమత లేక తుక్కు యార్డులో వెతుకుదామనుకుంటున్నాను. అక్కడి సామాను నమ్మవచ్చునా? ఏం చూసి తీసుకోవాలి?

జవాబు: నమ్మవచ్చు. అయితే మీకు కావలసిన భాగాన్ని చూసే ముందు అది బిగించి ఉన్న బండిని చూడండి. ఆ బండి యార్డుకు ఎందుకు చేరిందో తెలిస్తే సగం నిర్ణయం అక్కడే జరిగిపోతుంది. వెనుక నుంచి మరో వాహనం గుద్దడంతో డిక్కీ నుజ్జయిన కారులో ఇంజను, ఆల్టర్నేటరు, రేడియేటరు ఆ ప్రమాద క్షణం వరకు పనిచేస్తూనే ఉండి ఉంటాయి కనుక, మీ ఆల్టర్నేటరుకు అలాంటి కారే సరైనది. ఇంజను చెడిపోయి, దాన్ని బాగుచేయించే ఖర్చు కారు విలువను మించిపోవడం వల్ల యజమాని వదులుకున్న కారులో తలుపులు, అద్దాలు, సీట్లు చాలాసార్లు చెక్కుచెదరకుండా ఉంటాయి. అంటే మీ రెండు అవసరాలూ ఒకే బండిలో తీరాలని పట్టుపట్టనక్కరలేదు.

వరదలో మునిగిన కారు సంగతి వేరు. దాన్ని ఎంత శుభ్రంగా కడిగి నిలబెట్టినా అందులోని విద్యుత్ భాగాల జోలికి వెళ్లవద్దు. తడిసిన ఆల్టర్నేటరు ఈరోజు పరీక్షలో నెగ్గినా, లోపల మొదలైన తుప్పు బేరింగులనూ తీగచుట్లనూ తినేస్తూనే ఉంటుంది. మునిగిన బండిని గుర్తుపట్టడం కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగి చూస్తే, కడిగినవారి చెయ్యి చేరని ఆ చివరి భాగంలో బురద చార కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే ఒండ్రు, వైర్ల కనెక్టర్లు విప్పితే పిన్నుల మీద ఆకుపచ్చని చిలుము కనిపిస్తాయి.

ఆల్టర్నేటరు విప్పే ముందు మీ పాతదాని మీద ఉన్న పార్టు నంబరు రాసుకుని వెళ్లండి. ఒకే మోడల్ కారులోనూ తయారైన సంవత్సరాన్ని బట్టి ఆంపియర్ల సామర్థ్యం, బెల్టు తిరిగే పుల్లీ మీది గాడుల సంఖ్య, కనెక్టరు ఆకారం మారుతుంటాయి కనుక చూపుకు ఒకేలా ఉందని తెచ్చుకుంటే బిగించేటప్పుడు ఇబ్బంది పడతారు. బెల్టు తీసి పుల్లీని చేత్తో తిప్పినప్పుడు గరగర చప్పుడు రాకూడదు, అటూ ఇటూ ఊగకూడదు. బిగించిన తరువాత ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర కొలిస్తే సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య రావాలి. తిరిగి ఇచ్చే వెసులుబాటు ఎన్ని రోజులో యార్డువారిని ముందే అడిగి, రసీదు మీద రాయించుకోండి.

తలుపుకు తుప్పు అడుగంచు దగ్గర మొదలవుతుంది. లోపలికి దిగిన వాననీరు పోయే రంధ్రాలు అక్కడే ఉంటాయి, అవి మూసుకుపోతే నీరు నిలుస్తుంది. తలుపు ఉక్కుదైతే చిన్న అయస్కాంతాన్ని దాని పొడవునా ఆనించి చూడండి, ఎక్కడ సరిగా అంటుకోదో అక్కడ రంగు కింద పుట్టీ ఉందని అర్థం.

ప్రశ్న: స్టార్ట్ చేసి చూడడానికి వీలులేని ఇంజనును కొనవచ్చునా?

జవాబు: నడిపి చూడలేని ఇంజను కొనడంలో నష్టభయం తప్పదు, కానీ దాన్ని చాలావరకు తగ్గించుకోవచ్చు. ఆయిల్ పోసే మూత తీసి చూడండి. దాని అడుగున పాలమీగడ రంగులో జిగురు పేరుకుని ఉంటే ఆయిల్‌లో నీరు కలిసిందేమోనని అనుమానించాలి. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా అదే రంగులో ఉంటే ఇక ఆ ఇంజనును వదిలేయండి. తరువాత స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంక్ పుల్లీ బోల్టుకు పానా పట్టించి, ఇంజను తిరిగే దిశలోనే నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక ఆవృతం రెండు చుట్లలో పూర్తవుతుంది కాబట్టి, ఎక్కడా గట్టిగా తట్టుకోకుండా తిరిగితే పిస్టన్లు బిగుసుకుపోలేదని తెలుస్తుంది. బ్యాటరీ, సెల్ఫ్ మోటారు అందుబాటులో ఉంటే సిలిండరు లోపలి ఒత్తిడిని చూపే కంప్రెషన్ గేజితో ఒక్కోదాన్నీ కొలవండి. సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతాన్ని మించితే బేరమాడే పని కూడా పెట్టుకోవద్దు.

కొన్న ఇంజనును బిగించే ముందే టైమింగ్ బెల్టు, ఆయిల్ సీళ్లు, గాస్కెట్లు కొత్తవి వేయించండి. బయట ఉన్నప్పుడు సులువుగా అయ్యే ఆ పని, బిగించాక రెట్టింపు శ్రమ అవుతుంది.

ప్రశ్న: చిన్న ప్రమాదంలో మా కారు ఎయిర్‌బ్యాగు తెరుచుకుంది. యార్డులో అదే మోడల్‌ది తక్కువకు వస్తోంది. వేయించుకోవచ్చునా?

జవాబు: వద్దు. ఈ విషయంలో మాకు మరో మాట లేదు. ఎయిర్‌బ్యాగును తెరిచేది ఒక రసాయన మందు. అది తేమకూ వేడికీ ఏళ్ల తరబడి గురైతే ఎలా ప్రవర్తిస్తుందో పైకి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు. టకాటా సంస్థ తయారుచేసిన ఇన్‌ఫ్లేటర్లలో, అంటే ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగాల్లో, అమోనియం నైట్రేటు మందు అలాగే క్షీణించి, తెరుచుకునేటప్పుడు లోహపు కవచం పగిలి, ఆ ముక్కలు ప్రయాణికులకు తగిలి మరణాలు సంభవించాయి. దానితో ప్రపంచవ్యాప్తంగా కోట్ల సంఖ్యలో ఇన్‌ఫ్లేటర్లను వెనక్కి పిలిపించవలసి వచ్చింది. మీరు చూసిన ఎయిర్‌బ్యాగు ఆ జాబితాలోనిదో కాదో, మునిగిన బండిలోనిదో కాదో తెలియకుండా దాన్ని మీ ఛాతీకి ఎదురుగా బిగించుకోవడం తగదు. ప్రమాదపు బరువు ఒకసారి భరించిన సీటు బెల్టుకూ ఇదే వర్తిస్తుంది. దాని పట్టీ సాగి ఉంటుంది, బెల్టును బిగించే ప్రిటెన్షనరు ఒక్కసారి పేలాక మళ్లీ పనిచేయదు. వీటికి డబ్బు చాలకపోతే మరేదైనా మరమ్మతును వాయిదా వేసుకోండి.

మీరే డ్యాష్‌బోర్డు భాగాలు విప్పుతున్నట్లయితే, బ్యాటరీ నెగటివ్ తీగ తీసిన వెంటనే చెయ్యి పెట్టకుండా కారు మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి. ఎయిర్‌బ్యాగు వ్యవస్థలోని కెపాసిటర్లలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో అధిక వోల్టేజి ఉండే నారింజ రంగు తీగలు కనిపిస్తే వాటిని ముట్టుకోకుండా శిక్షణ పొందినవారిని పిలవండి.

ప్రశ్న: యార్డులో కొన్న భాగం దొంగిలించిన బండిది కాదని ఎలా తెలుసుకోవాలి?

జవాబు: ఛాసిస్ నంబరు చూపించమని అడగండి. 1980ల నుంచి చాలా దేశాల్లో తయారైన కార్లకు ఇది 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. 1, 0 అంకెలతో పొరపాటు పడకుండా ఐ, ఓ, క్యూ అనే ఇంగ్లిషు అక్షరాలను అందులో వాడరు. ఆ అక్షరాలున్న 17 స్థానాల నంబరు పలక కనిపిస్తే అది అసలుది కాదు. ఇంజను మీద నంబరు ఉండవలసిన చోట గీకిన గుర్తులో, వెల్డింగు మచ్చో ఉంటే కారణం అడుగుతూ కూర్చోకుండా వెనుదిరగండి. ప్లాటినం, పల్లాడియం, రోడియం ఉండడం వల్ల బండి పొగను శుద్ధిచేసే కాటలిటిక్ కన్వర్టరును దొంగలు ఎక్కువగా కోసుకుపోతుంటారు. బండి జాడ లేకుండా అది ఒక్కటే అమ్మకానికి వస్తే, అందునా గొట్టం చివరలు రంపంతో కోసినట్లుంటే, తీసుకోవద్దు. నిజాయితీగా నడిచే యార్డువారు బండి ఎవరి దగ్గర, ఎప్పుడు కొన్నారో చూపే కాగితం తీస్తారు. మీ రసీదు మీద ఆ బండి ఛాసిస్ నంబరు రాసి ఇమ్మన్నా కాదనరు.