మ్యూజియం పెట్టబోయే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

పాత బడి గదిలో ఊరి మ్యూజియం పెడతావని, అద్దాల బీరువాలకి చందాలు పోగేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంతోషం. బీరువాలు తర్వాత కొందువుగానీ, ముందు అట్ట గట్టిగా ఉన్న లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనరా. వస్తువు ఎవరింటిది, ఎక్కడ దొరికింది, దాంతో ఏం చేసేవాళ్లు, ఆ సంగతి ఎవరు చెప్పారు, అన్నీ అందులో రాశాకే అది అరలోకి వెళ్లాలి. ఇచ్చినవాళ్లకి రసీదు కూడా ఇవ్వు.

మా ఇంట్లో ఇత్తడి తవ్వ చూశావుగా, అంచు ఒకపక్కే అరిగి పలచబడి ఉంటుంది. సొట్ట అనుకుని సాపు చేయించబోతే మీ అమ్మమ్మ ఆపింది. ఏళ్ల తరబడి కూలి గింజలు కొలిచేటప్పుడు నేలమీద గీరి గీరి అలా అరిగిందట. ఆ మాట రాసిపెట్టకపోతే అది కిలోల లెక్కన అమ్ముకునే ఇత్తడే. పిల్లలొస్తే గిద్ద, సోల, తవ్వ, మానిక ఇచ్చి ఇసక కొలవనివ్వు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వాళ్లే తేల్చుకుంటారు.

గుడి దగ్గర శాసనం రాయిని మాత్రం పెకిలించి తేవద్దు, తోమొద్దు. కుర్రతనంలో అక్షరాలు బాగా కనపడాలని వైరు బ్రష్షుతో రుద్దాను. రెండు వరుసలు పొట్టులా రాలిపోయాయి. ఇప్పటికీ ఆ రాయి వైపు వెళ్లబుద్ధి కాదు. తడి కాగితం పరిచి, బ్రష్షుతో తట్టి, కాస్త ఆరాక సిరా అద్ది అచ్చు తీస్తారు. పురావస్తు శాఖ వాళ్లని పిలిపించు. ఈలోగా బటర్‌వర్త్, వేణుగోపాల్ శెట్టి 1905లో వేసిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు తిరగెయ్యి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అందుకే మన దర్శి, కందుకూరు వైపు రాళ్లు ఆ సంపుటాల్లో నెల్లూరు పేరు కిందే ఉంటాయి.

ఎవరైనా చేలో నాణేలు దొరికాయని తెస్తే గప్‌చుప్‌గా తీసుకోకు. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి సంగతి కలెక్టరుకి చెప్పాల్సిందే. 18వ శతాబ్దంలో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది, తవ్వితే రోమన్ బంగారు నాణేల కుండ దొరికింది. ట్రాజన్, హేడ్రియన్ అనే రోమన్ చక్రవర్తుల కాలం నాటివి. కొన్ని పాత బంగారం కింద అమ్ముడుపోయాయి.

తాటాకులకి లామినేషన్ చేయించకు, నూలుగుడ్డలో చుట్టు. తాళంచెవి ఎదురింటి అవ్వ దగ్గర ఉంచు, నువ్వు ఒంగోలు వెళ్లినరోజు కూడా గది తెరవాలి కదా.

సంక్రాంతికి తవ్వ తీసుకుని వస్తాను. నాకూ రసీదు రాయాలి మరి.

మీ మామయ్య