పగడాల తొట్టెలో హైడ్రాయిడ్ల బెడద

ప్రశ్న: మేము చెన్నై వేలచ్చేరిలో ఉంటున్నాం. మా 60 లీటర్ల ఉప్పునీటి అక్వేరియంలో రెండు క్లౌన్ చేపలు, కొన్ని జోయాంథిడ్లు (చిన్న పువ్వుల్లా విచ్చుకునే, పగడాల కోవకు చెందిన జీవులు), మష్రూమ్ కోరల్స్ ఉన్నాయి. తమ్ముడు నెల్లూరు దగ్గర రొయ్యల హేచరీలో పనిచేస్తున్నందువల్ల ఆర్టీమియా (మేతగా పొదిగించే చిన్న ఉప్పునీటి జీవి) గుడ్లకు కొదవ లేదు. వాటిని పొదిగించి రోజూ రెండు పూటలా వేస్తున్నాను. కొంతకాలంగా ఒక రాతి మీద, పంపు వెనుక తెల్లని వెంట్రుకల వంటివి మొలిచాయి. ఆ రాతి పక్కనున్న జోయాంథిడ్లు విచ్చుకోవడం మానేశాయి. ఇవి హైడ్రాయిడ్లనీ, కుక్కలకు వేసే నులిపురుగుల మందు కలిపితే పోతాయనీ దుకాణదారు చెప్పారు. మావారేమో అంతా తీసేసి మళ్ళీ మొదటినుంచి పెట్టుకుందామంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: మందూ వద్దు, తొట్టె ఖాళీ చేయడమూ వద్దు. ముందుగా ఆర్టీమియా ఆపండి. హైడ్రాయిడ్లు జెల్లీఫిష్‌కూ పగడాలకూ దాయాదులు. నీటిలో కొట్టుకువచ్చే సూక్ష్మజీవులను కుట్టే కణాలున్న మీసాలతో పట్టి తింటాయి కాబట్టి, సుమారు అర మిల్లీమీటరు ఉండే ఆర్టీమియా పిల్లలు వాటి నోటికి సరిగ్గా సరిపోతాయి. హేచరీలో రొయ్యపిల్లలకు ఆ మేత తప్పనిసరే గాని, ఎదిగిన క్లౌన్ చేపలకు గుళికల మేతో, ఫ్రోజెన్ మైసిస్సో (రొయ్యల వంటి చిన్న జీవులు) చాలు. మైసిస్ కరిగిన నీటిలోనూ సన్నని తునకలుంటాయి. ఆ నీటిని వంపేసి, రొయ్యలను టీ వడకట్టులో కడిగి వేయండి. జోయాంథిడ్లు, మష్రూములు తమ కణజాలంలో నివసించే శైవలాల సాయంతో వెలుతురు నుంచే చాలావరకు ఆహారం పొందుతాయి గనుక అవి పస్తులుంటాయన్న బెంగ అక్కర్లేదు.

అవి నిజంగా హైడ్రాయిడ్లేనా అన్నది రాత్రివేళ టార్చి, భూతద్దం పట్టుకుని చూడండి. దారమంత సన్నని కాడ, దాని కొసన కిరీటంలా మీసాలు, కాడలన్నిటినీ రాతి మీద కలుపుతూ పాకే తీగ కనిపిస్తే సందేహం లేదు. గట్టిగా అతుక్కున్న తెల్లని చుట్టలైతే పురుగుల గుల్లలు, చిన్న కూజాల వంటివైతే స్పంజికలు. వాటి జోలికి పోనవసరం లేదు. ఒకవేళ హైడ్రాయిడ్లే గోధుమ రంగులో ఉంటే మాత్రం మేత తగ్గించినంత మాత్రాన లొంగవు, ఎందుకంటే కొన్ని జాతులు పగడాల మాదిరిగానే శైవలాలను పెంచుకుని వెలుతురు మీద బతికేస్తాయి.

మేత ఆపితే వ్యాప్తి తగ్గుతుందే తప్ప ఉన్నవి వెంటనే మాయం కావు. అలాగని తొట్టెలోనే పీకడం మొదలుపెట్టకండి. గరిక పైపైన తెంపినట్టే, పాకే తీగ రాతికి అంటుకుని ఉన్నంతకాలం మళ్ళీ మొలుస్తాయి; తెగిన ముక్కలు కొట్టుకుపోయి మరో చోట నాటుకోవచ్చు కూడా. ఆ రాతిని బయటికి తీసి, తొట్టెలోంచి తోడిన నీళ్ళు పోసిన బకెట్టులో ఉంచి, గట్టి బ్రష్షుతో తీగతో సహా రుద్ది, మరో బకెట్టు ఉప్పునీటిలో కడిగి, ఆ రెండు బకెట్ల నీళ్ళూ పారబోయండి. చేతులకు రబ్బరు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. పంపును విడదీసి వెనిగర్ కలిపిన మంచినీటిలో నానబెట్టి, బాగా కడిగి పెట్టుకోవచ్చు.

రాతిని మరిగించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి. జోయాంథిడ్లలో కొన్నింటిలో పాలీటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉంటుంది. 1971లో హవాయిలో శాస్త్రవేత్తలు దానిని వేరుచేశారు. అటువంటి రాళ్ళను మరిగించినప్పుడు వచ్చిన ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన ఉదంతాలు విదేశాలలో ఉన్నాయి. జోయాంథిడ్లు ఉన్న భాగాన్ని బ్రష్షుతో రుద్దడం కూడా ఆ కారణంగానే కూడదు. వాటి మొదళ్ళ దగ్గర మిగిలిన హైడ్రాయిడ్ల మీద సయనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ) జెల్ జిగురు పూసి కప్పేయండి. నీళ్ళలా జారే రకం కాకుండా జెల్ రకమే తీసుకోవాలి. అది నీటిలోనూ గట్టిపడుతుంది, కింద చిక్కినవి చచ్చిపోతాయి. పలచగా పూస్తే అంచుల నుంచి మళ్ళీ తొంగిచూస్తాయి, కనుక మచ్చ చుట్టూ కాస్త దాటించి పూయండి.

దుకాణదారు చెప్పిన మందు ఫెన్‌బెండజోల్ అయి ఉండాలి. సముద్రపు గుర్రాలకు పుట్టిన పిల్లలను హైడ్రాయిడ్లు కుట్టి చంపుతాయి కాబట్టి ఆ గుర్రాలను పెంచేవారు ఈ మందును వాడతారు, పనిచేస్తుంది కూడా. అయితే మేలు చేసే పురుగులను, కొన్ని నత్తలను, కొన్ని మెత్తని పగడాలను అది వదలదు, పైగా రాళ్ళలో ఇంకి చాలాకాలం నిలిచిపోతుంది. ఒక్క రాతి మీద ఉన్న బెడదకు అంత పెద్ద ఆయుధం దేనికి? పెప్పర్‌మింట్ రొయ్యను కొనమనీ అంటారు గాని, అది ఐప్టేసియా అనే బెడద సముద్రపు పువ్వును (ఎనిమోన్) తినేది, హైడ్రాయిడ్ల విషయంలో నమ్మకం లేదు.

ఇక తొట్టెంతా ఖాళీ చేస్తే ఆ రాళ్ళలో స్థిరపడి అమ్మోనియాను అదుపులో ఉంచే బాక్టీరియా కూడా పోతుంది. ఒక్క రాతిని మార్చవలసి వస్తే పొడి రాతినో, సిరామిక్ రాతినో కొనండి. రామేశ్వరం వైపు నుంచి ఎవరైనా సముద్రపు రాయి తెచ్చి ఇస్తామంటే ఒప్పుకోవద్దు: గట్టి పగడాలన్నీ, హైడ్రాయిడ్ల వంశానికే చెందిన నిప్పు పగడాలతో సహా, 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. కొళత్తూరు అక్వేరియం దుకాణాల్లో కొత్త జోయాంథిడ్లు కొన్నప్పుడు అవి అతికించిన ప్లగ్గును (చిన్న దిమ్మెను) తిప్పి అడుగుభాగం చూడండి. హైడ్రాయిడ్లు సాధారణంగా ఇంట్లోకి వచ్చేది అక్కడి నుంచే.