వికలాంగుల కమిషనర్ దగ్గర హియరింగ్: నాకు జరిగింది చెప్తా

అన్నా, యాక్సిడెంట్‌లో కాలు పోయాక ఆఫీసులో మిమ్మల్ని కింది పనికి దింపారని, వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు చేస్తే హియరింగ్ ఎట్లా ఉంటుందని, లాయర్ కావాలా అని అడిగారు కదా. మాది హనుమకొండ, నాదీ దాదాపు ఇదే కథ.

నేను ఓ ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌ని. కాలు తీసేశాక డ్యూటీలో చేరితే, నోటిమాటతో రికార్డు రూమ్‌లో కూర్చోబెట్టి ఇంక్రిమెంట్ ఆపారు. 2016 వికలాంగుల చట్టం సెక్షన్ 20 చూడండి, సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయొద్దు, హోదా తగ్గించొద్దు, పాత పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి, అదీ లేకుంటే సూపర్‌న్యూమరరీ పోస్టులో, అంటే ఉన్నవాటికి అదనంగా సృష్టించిన పోస్టులో, ఉంచాలి. (ప్రైవేటు వాళ్లకు ఈ రక్షణ లేదు.)

ముందు మీ ఆఫీసులోని గ్రీవెన్స్ అధికారికి (ఫిర్యాదులు చూసే అధికారి) రాసివ్వండి, రెండు వారాల్లో విచారించాలని చట్టంలోనే ఉంది. నాకైతే "చూద్దాం" అన్నాడు, అంతే. కానీ స్టాంపు వేయించుకున్న కాపీ తర్వాత కమిషనర్‌కు ఫిర్యాదు చేసినప్పుడు అక్కరకొచ్చింది.

హియరింగ్ రోజు పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ మలక్‌పేటలోని కమిషనర్ ఆఫీసుకు పోయాను. బోను, నల్లకోట్లు ఉంటాయేమోనని రాత్రంతా ఒకటే టెన్షన్. తీరా చూస్తే ఒక టేబుల్, అటు కమిషనర్ సారు, ఇటు నేనూ మా సూపరింటెండెంటూ. ఎవరేమన్నారో, ఎవరు నవ్వారో పది నిమిషాలు వెళ్లబోసుకున్నా. సారు విన్నారు గానీ ఒక్క ముక్క రాసుకోలేదు. మా సూపరింటెండెంట్ వైపు తిరిగి "రికార్డు రూమ్‌కు మార్చిన ఆర్డర్ ఏది?" అన్నారు. ఆయన ఫైలు ముందుకు తిప్పాడు, వెనక్కి తిప్పాడు, ట్యాగు ఊడదీసి మళ్లీ కట్టాడు. ఆర్డరంటూ ఉంటే కదా! సర్వీస్ రిజిస్టర్‌తో రమ్మని వాయిదా వేశారు. సమన్లు పంపడంలో, రికార్డులు తెప్పించడంలో కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి, కాబట్టి వాళ్లు ఎగ్గొట్టలేరు.

అందుకే ఫిర్యాదులో బాధంతా అర పేజీలో రాసి, మిగతాదంతా తేదీలతో నింపండి. వైకల్య ధ్రువీకరణ (సదరం) సర్టిఫికెట్, జాయినింగ్ రిపోర్టు, ఇంక్రిమెంట్ ఆగకముందువీ ఆగాకవీ పే స్లిప్‌లు జతచేయండి. లాయర్‌ను నేను పెట్టుకోలేదు.

ఒకటి మాత్రం ముందే తెలుసుకోండి, చివరికి వచ్చేది సిఫార్సే, కోర్టు తీర్పు కాదు. ఆఫీసు మూడు నెలల్లో ఏం చేసిందో చెప్పాలి, ఒప్పుకోకపోతే కారణాలు మీకు కూడా తెలపాలి. నాకు మూడో నెల చివర్లో ఇంక్రిమెంట్ బకాయిలతో సహా వచ్చింది, పాత సీటుకు ఇంకో నాలుగు నెలలు తిరగాల్సి వచ్చింది. అప్పటికీ మొండికేస్తే హైకోర్టులో రిట్ (ఆఫీసుకు ఆదేశమివ్వమని కోరే పిటిషన్) వేయాలి, లాయర్ అవసరం అప్పుడు.

ఇంతకీ గ్రీవెన్స్ అధికారికి ఏమైనా రాసిచ్చారా మీరు? కాపీ మీద స్టాంపు ఉందా?