నోరు విప్పి చెప్పుకోలేని ఆ బాధకు ఒక పేరుంది

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. చిత్తూరు నుంచి రోజూ బస్సులో తిరుపతికి ఉద్యోగానికి వెళ్తాను. నాలుగు నెలలుగా మనసులో ఏ కోరికా లేకపోయినా మర్మాంగంలో ఉద్రేకం దానంతటదే మొదలై గంటల తరబడి వదలడం లేదు. బస్సు కుదుపులకు మరీ ఎక్కువవుతుంది. అంతకుముందే డిప్రెషన్ మాత్రలు ఎవరికీ చెప్పకుండా మానేశాను. మా ఆయన అనుమానంగా చూస్తున్నాడు. నేను చెడ్డదాన్నా? ఒక్కోసారి చచ్చిపోవాలనిపిస్తోంది.

జవాబు: కాదమ్మా. కాలికి తిమ్మిరెక్కితే మనం కోరి ఎక్కించుకున్నామా? ఇదీ అంతే. మీరు రాసినవి పర్సిస్టెంట్ జెనిటల్ అరౌజల్ డిజార్డర్ అనే అరుదైన జబ్బు లక్షణాల్లా ఉన్నాయి. దీన్ని 2001లో సాండ్రా లీబ్లమ్, షారన్ నాథన్ అనే ఇద్దరు అమెరికాలో వివరించారు. అరుదైనది, పైగా ఈమధ్యే గుర్తించింది కాబట్టి మీరు వెళ్లే మొదటి డాక్టరుకే ఇది తట్టకపోవచ్చు. కుంగిపోకండి, ఇంకొకరిని అడగండి.

నడుము కింది నుంచి మర్మాంగానికి వెళ్లే నరాలు నలిగినా, వెన్ను అడుగున టార్లోవ్ సిస్టులనే నీటితిత్తులున్నా, పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాలు బిగుసుకున్నా ఇలా జరగొచ్చు. డిప్రెషన్ మాత్రల్లో కొన్నింటిని ఉన్నట్టుండి మానేశాక మొదలైనవాళ్లూ ఉన్నారు. మీ విషయంలో నాకు ముందు తట్టింది అదే. అలాగని మీరే మళ్లీ మొదలుపెట్టొద్దు, రాసిచ్చిన డాక్టరుకు జరిగింది చెప్పండి.

ముందు గైనకాలజిస్టును, తర్వాత న్యూరాలజిస్టును కలవండి. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. ‘కింద మంట’ అని సరిపెడితే మూత్రంలో ఇన్‌ఫెక్షన్ అనుకుని మాత్రలిచ్చి పంపేస్తారు. ‘కోరిక లేకుండానే ఉద్రేకం వస్తోంది, పోవడం లేదు’ అని ఇవే మాటలు చెప్పండి. నోరు రాకపోతే కాగితం మీద రాసి చేతికివ్వండి. అవసరమైతే నడుముకు ఎమ్మారై తీయిస్తారు. కటి కండరాలకు ఫిజియోథెరపీ చాలామందికి ఉపశమనమిస్తుంది. ఎక్కడో చూసి ఆ కండరాలను బిగించి వదిలే కెగెల్ వ్యాయామాలు మాత్రం చేయకండి, బిగుసుకున్న కండరాలు ఇంకా బిగుస్తాయి.

అప్పటిదాకా వదులు నూలు బట్టలు కట్టుకోండి. గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టుకోవచ్చు. బస్సులో వెనక చక్రాల మీది సీటు వద్దు. కాళ్లు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

మీ ఆయనతో ‘ఇది నాకు సుఖం కాదు, నొప్పి’ అని చెప్పండి, డాక్టరు దగ్గరికి వెంట తీసుకెళ్లండి. కలయికతో తీరిపోతుందని ఆయన అనుకోవచ్చు. కాసేపు తగ్గినా మళ్లీ వస్తుంది కాబట్టి మీకు ఇష్టం లేనప్పుడు ఒప్పుకోనక్కర్లేదు.

చచ్చిపోవాలనే ఆలోచన వస్తే, అర్ధరాత్రయినా సరే, మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడతారు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ పాత మందుల చీటీ మర్చిపోకండి.