సైకిల్ సందేహాలు: మూడింట్లో ఏ రోడ్ సైకిల్ తీసుకోవాలి?

ప్రశ్న: సార్, మాది అనంతపురం. వయసు 34, ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలు. ఇప్పుడు హైబ్రిడ్ సైకిల్ తొక్కుతున్నాను, పొద్దున్నే తాడిపత్రి రోడ్డులోనో ధర్మవరం వైపో వెళ్లొస్తుంటాను. ఈ చలికాలంలో 200 కిలోమీటర్ల బ్రెవే (ఇచ్చిన టైములోపు తొక్కి ముగించాల్సిన దూరప్రయాణం) పూర్తి చేయాలని కోరిక. అందుకే వంపు హ్యాండిల్ ఉన్న రోడ్ సైకిల్ కొందామనుకుంటున్నా. 80 వేలు దాటకూడదు. మూడు చూసి పెట్టుకున్నాను. ట్రైబన్ ఆర్‌సీ500కి సోరా గేర్లు, డిస్క్ బ్రేకులు (చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టేవి). జెయింట్ కంటెండ్ 3కి క్లారిస్ గేర్లు, రిమ్ బ్రేకులు (చక్రం అంచుని పట్టేవి). మూడోది బెంగళూరులో ఒకాయన అమ్ముతున్న పాత కార్బన్ సైకిల్, 105 గేర్లు, ఫ్రేము సైజు 56 సెంటీమీటర్లు. స్టెమ్ (హ్యాండిల్‌ని ఫ్రేముకి కలిపే ముక్క) పొట్టిది వేసుకుంటే సరిపోతుందని ఆయన అంటున్నారు. ఫ్రెండ్సేమో కార్బన్ వదులుకోవద్దంటున్నారు. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆ కార్బన్ సంగతి తేల్చేద్దాం. దాన్ని వదిలేయండి. గేర్లు చేసే షిమానో కంపెనీ వరసలో కింది నుంచి పైకి క్లారిస్, సోరా, టియాగ్రా, 105 అని పోతుంది కాబట్టి గేర్లు మంచివే, కాదనను. కానీ మీ ఎత్తుకి 52 దరిదాపుల్లో సైజు కావాలి. స్టెమ్ మారిస్తే హ్యాండిల్ రెండు మూడు సెంటీమీటర్లు దగ్గరికొస్తుందేమో గానీ ఫ్రేము చిన్నదవదు కదా, 60 కిలోమీటర్లు దాటేసరికి మెడ, భుజాలు, అరచేతులు పట్టేస్తాయి, 200 అనేది ఇక కలే. పైగా కార్బన్ ఫ్రేము ఎప్పుడైనా గట్టిగా కిందపడి ఉంటే పైన పెయింటు బాగానే ఉండి లోపల పగులు ఉండొచ్చు, అది ఫోటోల్లో తెలిసేది కాదు. ఎంత చవగ్గా ఇచ్చినా సరే, సరిపోని సైజు సైకిల్ కొనకండి.

ఇక కొత్తవి రెండు. కొనేవాళ్లు చాలామంది క్లారిసా సోరానా అన్న దగ్గరే ఆగిపోయి తలలు బద్దలుకొట్టుకుంటారు. తేడా వెనకాల 8 పళ్లచక్రాలా 9 చక్రాలా అన్నదే. రెండింటికీ ముందు 50, 34 పళ్ల చక్రాలు ఉంటాయి, వెనక పెద్ద చక్రం కంటెండ్‌లో 34 పళ్లు, ఆర్‌సీ500లో 32. అంటే ఎక్కుడు రోడ్డులో అన్నిటికన్నా తేలిక గేర్లో క్లారిస్ సైకిలే ఒక పిసరు తేలిగ్గా ఎక్కుతుంది. 8 గేర్ల చెయిన్ అయితే మామూలు గేర్ సైకిళ్లు బాగుచేసే షాపులో కూడా దొరుకుతుంది, అది మన ఊళ్లలో చిన్న విషయమేం కాదు. కాబట్టి గేర్ల పేరు చూసి ఎటూ మొగ్గక్కర్లేదు.

చూడాల్సింది టైరు. డిస్క్ బ్రేకులు వాన కోసమని అమ్మేవాళ్లు చెప్తారు, కానీ మన జిల్లాలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల దగ్గర, మీరు తడి రోడ్డు మీద తొక్కే రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, పొడి రోడ్డు మీద రిమ్ బ్రేకులు చక్కగా ఆగుతాయి. మీకు డిస్క్ ఎందుకంటే టైరుకి చోటు కోసం. రిమ్ బ్రేకు టైరు పైనుంచి చుట్టుకుని ఉంటుంది కాబట్టి ఈ రకం సైకిళ్లలో 28 మిల్లీమీటర్ల వెడల్పు టైరుకి మించి ఆశ పెట్టుకోవద్దు. ఆర్‌సీ500లో 32 సుఖంగా పడుతుంది. సన్న టైరుకి 90, 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి కొట్టుకుని కంకర తేలిన రోడ్డులో పోతే ప్రతి రాయీ నడుంలో తెలుస్తుంది. అదే 32 టైరులో, మీ బరువు 70 కిలోల లోపైతే, 60 పీఎస్ఐ చాలు. బ్రెవేలో 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటల టైముంది, అంటే ఆగిన టైముతో కలిపి గంటకి 15 కిలోమీటర్లు పోతే చాలన్నమాట. అక్కడ గెలిపించేది స్పీడు కాదు, పదో గంటలో కూడా సీటు మీద కూర్చోగలగడం. అందుకే నా ఓటు ఆర్‌సీ500కే, కొన్నాక మొదటిసారి టైర్లు అరిగినప్పుడు 32కి మారండి.

బరువు గురించి టెన్షన్ పడకండి. ఆషాఢంలో ఉరవకొండ వైపో కళ్యాణదుర్గం వైపో పడమటి గాలికి ఎదురు తొక్కి చూస్తే తెలుస్తుంది, అప్పుడు అడ్డుపడేది సైకిల్ బరువు కాదు, నిటారుగా కూర్చున్న మీ ఛాతీ. హ్యాండిల్ కింది వంపు పట్టుకుని వంగితే చాలా నయం. కొనే ముందు షాపులో బ్రేకు లివర్ల పైభాగం మీద చేతులు పెట్టి కూర్చోండి, మోచేతులు కొంచెం వంగి ఉండాలి, భుజాలు చెవుల దాకా లేవకూడదు. ఒకవేళ ఆర్‌సీ500 మీ సైజులో దొరక్క కంటెండ్ మీకు కుదురుగా ఉంటే, నేను పైన చెప్పిందంతా పక్కన పెట్టి కంటెండే తీసుకోండి. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు, ప్యాడ్ ఉన్న షార్ట్స్, పంపు, ట్యూబులకి ఒక 8 వేలు ముందే పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: నేను కడప నుంచి గువ్వలచెరువు ఘాట్ దాకా తొక్కుతుంటాను. నెలలో రెండు మూడుసార్లు పల్లేరుకాయలతో పంక్చర్ అవుతోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: లారీలకి దారిచ్చి మట్టి అంచులోకి దిగినప్పుడల్లా మీకు ఈ తిప్పలు తప్పవమ్మా, పల్లేరుకాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంటుంది. ఆగాల్సి వస్తే ఎండుగడ్డిలో పెట్టకుండా తారు మీదే, బండ్లు రాని చోట ఆపండి. మళ్లీ ఎక్కే ముందు రెండు టైర్లూ ఒక చుట్టు తిప్పి చూడండి, గుచ్చుకున్నవి చాలావరకు ఇంకా లోపలికి దిగి ఉండవు, తీసేయొచ్చు. ట్యూబు మార్చేటప్పుడు టైరు లోపలంతా వేలితో మెల్లగా తడమండి, విరిగిన ముల్లు మొన అక్కడే ఉండిపోతే కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది. మీది సన్న ప్రెస్టా వాల్వ్ అయితే మామూలు షాపు పంపు దానికి పట్టదు, చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి బ్యాగులో వేసుకోండి. గాలి కొట్టే ముందు వాల్వ్ కొసన ఉన్న నట్టు వదులు చేసి ఒకసారి నొక్కాలి, లేకపోతే గాలి ఎక్కదు.